కామెర్లకు పసరు మందు పనిచేస్తుందా?

కామెర్లకు పసరు మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న తెలుగు కుటుంబాల్లో ఎప్పుడో ఒకప్పుడు తలెత్తకుండా ఉండదు. కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు మారి, అన్నం సహించక నీరసించిన మనిషికి ఇరుగుపొరుగు వారు ముందుగా చెప్పేది ఫలానా ఊళ్ళో పసరు పోస్తారని, పరగడుపున తాగి ఉప్పు, కారం, నూనె మాని పథ్యం ఉంటే తగ్గుతుందని. కొన్ని చోట్ల పసరును ముక్కులో చుక్కలుగా వేస్తారు, కొన్ని చోట్ల ముంజేతిపై ఆకు నూరి కట్టు కడతారు, ఇంకొన్ని చోట్ల వాతలు పెడతారు. ఈ సలహా ఇచ్చేవారిలో ఎక్కువమందికి స్వార్థం ఉండదు. తమ ఇంట్లో ఒకరికి తగ్గడం కళ్ళారా చూశారు కాబట్టి చెబుతారు. ఆ అనుభవాన్ని అబద్ధమని కొట్టివేయడం న్యాయం కాదు, ఎందుకంటే తగ్గిన మాట నిజమే. అయితే పసరు తాగిన తరవాత తగ్గడం, పసరు వల్ల తగ్గడం అనేవి రెండు వేర్వేరు సంగతులు. మూలికల గురించి వినవచ్చే మాటల్లో నమ్మదగినది ఏదో తేల్చే పనంతా ఈ రెంటినీ విడదీయడం దగ్గరే మొదలవుతుంది.

పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది

రక్తంలోని ఎర్రకణం దాదాపు 120 రోజులు జీవించి, ఆ తరవాత ప్లీహంలోనూ కాలేయంలోనూ విచ్ఛిన్నమవుతుంది. అందులోని హిమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు వర్ణద్రవ్యం మిగులుతుంది. కాలేయం ఈ వర్ణద్రవ్యాన్ని రక్తం నుంచి తీసుకుని, నీటిలో కరిగే రూపానికి మార్చి, పైత్యరసంతో కలిపి పేగుల్లోకి పంపుతుంది. మలానికి దాని రంగు వచ్చేది ఇందువల్లనే. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో డెసిలీటరుకు ఇంచుమించు ఒక మిల్లీగ్రాముకు మించని బిలిరుబిన్, రెండున్నర లేదా మూడు మిల్లీగ్రాములకు చేరేసరికి కంటి తెల్లగుడ్డు పచ్చబడినట్టు కనిపిస్తుంది.

ఈ దారిలో ఎక్కడ చిక్కు వచ్చినా పైకి కనిపించేది అదే పచ్చదనం. ఎర్రకణాలు మితిమీరి విరిగిపోవచ్చు, వైరస్ గానీ మద్యం గానీ ఏదైనా మందు గానీ కాలేయ కణాలను దెబ్బతీయవచ్చు, లేదా పైత్యనాళంలో రాయి అడ్డుపడో కణితి పెరిగో దారి మూసుకుపోవచ్చు. మూసుకుపోయిన నాళాన్ని ఏ ఆకు రసమూ తెరవలేదు, విరిగిపోతున్న రక్తకణాలకు కాలేయానికిచ్చే మందుతో పనిలేదు. అందువల్ల కామెర్లు తగ్గాయని ఎవరైనా చెప్పినప్పుడు అవి ఏ రకం కామెర్లు అన్నది ముందుగా తెలియాలి, పసరు పోసే చోట రక్తపరీక్ష జరగదు గనుక ఆ సంగతి సాధారణంగా తెలియదు.

మన దేశంలో ఎక్కువగా కనిపించేవి కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు. 1955-56లో ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసినప్పుడు 29 వేల మందికి పైగా ఒక్కసారిగా కామెర్లు సోకాయి, అది హెపటైటిస్ ఇ వల్ల వచ్చినదని ఎన్నో ఏళ్ళ తరవాత గుర్తించారు. ఈ రెండు రకాల్లోనూ శరీర రక్షణ వ్యవస్థ వైరస్‌ను తానే అణచివేస్తుంది. చాలామందిలో కొన్ని వారాలలో, ఏ మందూ లేకుండానే, కళ్ళు తిరిగి తెల్లబడతాయి. ఆధునిక వైద్యులు కూడా ఈ రోగులకు విశ్రాంతి, తగినంత ఆహారం, నీరు తప్ప వైరస్‌ను చంపే మందేదీ సాధారణంగా ఇవ్వరు. రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వ్యాపించే హెపటైటిస్ బి ఈ రెంటికీ భిన్నమైనదే అయినా, పెద్దవయసులో అది సోకినవారిలోనూ వందకు 95 మంది తమంతట తామే దాని నుంచి బయటపడతారు.

కప్పకావిడి తరవాత వాన

వానలు వెనకబడిన ఏట తెలుగు పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇంటింటి ముందు దానిపై నీళ్ళు పోయించే వేడుక ఒకటి ఉంది. దాన్ని కప్పకావిడి అనీ కప్పతల్లి ఆట అనీ అంటారు. ఆ వేడుక ఏ సంక్రాంతి నాడో జరగదు, మృగశిర దాటి ఆరుద్ర వచ్చినా చినుకు రాలని రోజుల్లో, అంటే వాన ఎలాగూ రావలసిన రోజులకు బాగా చేరువలో జరుగుతుంది. వారంలో వాన పడితే కప్పతల్లి కరుణించిందంటారు, పడకపోతే మళ్ళీ చేస్తారు. చివరికి వాన పడిన రోజుకు ముందు ఒక కప్పకావిడి ఉండి తీరుతుంది. వేడుక వల్ల వాన వచ్చిందో లేదో నిజంగా తెలుసుకోవాలంటే, అదే ఏడు అదే ప్రాంతంలో కప్పకావిడి చేయని ఊళ్ళలో వాన ఎప్పుడు పడిందో చూడాలి.

పసరు మందు కూడా ఇటువంటి సమయంలోనే రోగి చేతికి వస్తుంది. ఒళ్ళు వెచ్చబడి, వికారం పుట్టిన తొలిరోజుల్లో ఎవరూ కామెర్లని అనుకోరు. కళ్ళు పచ్చబడ్డాకనే పసరు కోసం బయలుదేరుతారు. అప్పటికి హెపటైటిస్ ఎ, ఇ రోగుల్లో చాలామందికి జ్వరం తగ్గుముఖం పట్టి ఉంటుంది, శరీరం వైరస్‌పై పైచేయి సాధించడం మొదలై ఉంటుంది. ఆ ఘట్టంలో తాగినది నేల ఉసిరి పసరైనా, మరే ఆకు రసమైనా, మంచినీళ్ళైనా తరవాతి వారాల్లో చాలామందికి తగ్గుతుంది.

సాక్ష్యం చెప్పేవారు ఎవరన్నది కూడా ఆలోచించవలసిన విషయం. తగ్గినవారు పసరు పోసిన ఇంటికి తిరిగి వెళ్ళి కృతజ్ఞత చెబుతారు, మరో పదిమందిని పంపుతారు. తగ్గక పరిస్థితి విషమించినవారు నగరంలోని ఆసుపత్రికి చేరతారు, అక్కడ చనిపోతే ఆ వార్తను పసరు పోసిన ఇంటికి చేరవేసే పని ఎవరూ పెట్టుకోరు. కాబట్టి మందు ఇచ్చే మనిషి ఎంత నిజాయితీపరుడైనా అతని కంటబడేవన్నీ గెలుపులే అవుతాయి. తేలికపాటి కామెర్లవారు పసరుతో సరిపెట్టుకోవడం, విషమించినవారు ఆసుపత్రికి రావడం వల్ల పసరు ఇంట్లో అందరూ బతుకుతున్నట్టు, ఆసుపత్రిలో ఎక్కువమంది చనిపోతున్నట్టు కనిపించడం కూడా ఇందులో భాగమే.

ఈ చిక్కులను దాటడానికి వైద్యశాస్త్రం ఏర్పరుచుకున్న పద్ధతి నిజానికి చాలా సులువుగా అర్థమయ్యేది. ఒకే రోగం ఉన్నట్టు పరీక్షలో తేలిన వారిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందు, పోలిక జట్టుకు చూపుకూ రుచికీ అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇస్తారు. ఈ ఉత్తుత్తి మందునే ప్లాసిబో అంటారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలన్నది రోగి గానీ వైద్యుడు గానీ ఎంచుకోకుండా చీటీలు వేసినట్టుగా నిర్ణయిస్తారు, దీన్ని యాదృచ్ఛిక కేటాయింపు అనవచ్చు. బలంగా ఉన్నవారంతా ఒకవైపు, నీరసించినవారంతా మరోవైపు చేరకుండా ఇది కాపాడుతుంది. ఎవరికి ఏది దక్కిందో పరీక్ష ముగిసేదాకా రోగికీ వైద్యునికీ తెలియనివ్వకపోవడం మూడో జాగ్రత్త, ఎందుకంటే మందు తాగానన్న నమ్మకం రోగి చెప్పే మాటలను, మందు ఇచ్చానన్న నమ్మకం వైద్యుని అంచనాను ప్రభావితం చేస్తాయి. ఇంత చేసిన తరవాత రెండు జట్ల మధ్య మిగిలే తేడాను మాత్రమే మందు ఖాతాలో వేస్తారు.

నేల ఉసిరికి జరిగిన పరీక్షలు

కామెర్ల పసరుకు వాడే మొక్కల్లో నేల ఉసిరికి ప్రత్యేకమైన స్థానం ఉంది. పొలం గట్లపై, ఇంటి పెరళ్ళలో వానాకాలం మొలిచే ఈ చిన్న మొక్కను ఆయుర్వేదం భూమ్యామలకి అంటుంది, తమిళులు కీళానెల్లి అంటారు. దీన్ని పరిశోధకులు నిర్లక్ష్యం చేశారనడం నిజం కాదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లూమ్‌బర్గ్ స్వయంగా ఈ మొక్కపై పనిచేశారు. ఆయనా ఆయన సహచరులూ నేల ఉసిరి సారం వైరస్ వృద్ధికి అవసరమైన ఎంజైమును పరీక్షనాళికలో అడ్డుకుంటున్నట్టు గమనించి, హెపటైటిస్ బి వంటి వైరస్ సోకే వుడ్‌చక్ అనే ఉడుత జాతి జంతువులపైనా ప్రయోగించి, 1987లో ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు.

మరుసటి ఏడు మద్రాసులో మనుషులపై జరిగిన పరిశీలన ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఎస్.పి. త్యాగరాజన్, బ్లూమ్‌బర్గ్ తదితరులు 1988లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వివరాల ప్రకారం, హెపటైటిస్ బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారికి ఈ మొక్క పొడిని 30 రోజులు ఇచ్చి, తరవాత రెండు మూడు వారాలకు రక్తం పరీక్షించగా, మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల ప్రోటీను కనిపించలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరిలో మాత్రమే అది మాయమైంది. ఒకవైపు నూటికి 59, మరోవైపు 4. ఏళ్ళ తరబడి ఒంట్లో తిష్ట వేసే వైరస్‌పై ఒక పెరటి మొక్క ఇంత ప్రభావం చూపడం నిజమైతే అది వైద్య చరిత్రలోనే పెద్ద సంఘటన అయ్యేది.

అయితే ఆ రచయితలే దాన్ని ప్రాథమిక పరిశీలన అని చెప్పుకున్నారు, అది వారి నిజాయితీ. ఒక చోట, కొద్దిమందిలో వచ్చిన ఫలితం మరోచోట మరొకరి చేతుల్లోనూ రావాలన్నది విజ్ఞానశాస్త్రం విడిచిపెట్టని నియమం. 1990లో థాయ్‌లాండ్ వైద్యులు, 1994లో న్యూజిలాండ్ వైద్యులు అదే జాతి మొక్కతో హెపటైటిస్ బి వాహకులకు చికిత్స చేసి చూసి, వైరస్ తొలగలేదని ప్రకటించారు. వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2011లో ఈ జాతి మొక్కలపై జరిగిన 16 యాదృచ్ఛిక పరీక్షలను పరిశీలించి, వాటిలో ఎక్కువ భాగం లోపభూయిష్టంగా జరిగాయని, ఉత్తుత్తి మందు కన్నా నేల ఉసిరి మెరుగని నమ్మడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

కాబట్టి నేల ఉసిరి గురించి ఈనాడు నిజాయితీగా చెప్పగలిగినది ఇది: పరీక్షనాళికలో అది వైరస్‌ను అడ్డుకుంది, ఒక చిన్న పరిశీలనలో మనుషుల్లోనూ ఆశ చూపింది, ఆ ఆశ తరవాతి పరీక్షల్లో నిలబడలేదు. ఈ మూడు మెట్లలో మొదటి రెంటినే చెప్పి మూడోదాన్ని దాచే ప్రకటనలు కోకొల్లలు. శాస్త్రీయంగా రుజువైందన్న మాట వెనక తరచుగా ఉండేది పరీక్షనాళికో ఎలుకో మాత్రమే. గాజు పాత్రలోని కణాలకు నేరుగా తగిలే సారం, మనిషి కడుపులో జీర్ణమై, పేగు గోడ దాటి, రక్తంలో పలచబడి కాలేయానికి చేరేసరికి ఏమాత్రం మిగులుతుందన్నది వేరే పరీక్ష చెప్పవలసిన సంగతి.

ఆకు పేరు, ఆకులోని పదార్థం

నేల ఉసిరి ఫలితాలు దేశదేశానికీ మారడానికి మొక్క ఒకటి కాకపోవడం కూడా కారణం కావచ్చునని కొందరు వాదించారు, ఆ వాదనలో కొంత బలం ఉంది. తెలుగులో నేల ఉసిరి అనే పేరుతో పిలిచేవాటిలో ఫిలాంథస్ అమారస్, ఫిలాంథస్ ఫ్రాటర్నస్, ఫిలాంథస్ మదరాస్‌పటెన్సిస్ వంటి పలు జాతులున్నాయి. చూపుకు దగ్గరగా ఉన్నా వాటిలోని రసాయనాలు ఒకటి కావు. ఒకే జాతి మొక్కలోనైనా పెరిగిన నేల, కోసిన కాలం, ఎండబెట్టిన తీరు, నూరిన భాగాన్ని బట్టి పదార్థాల పాళ్ళు మారతాయి. గుప్పెడు ఆకు, గ్లాసెడు పసరు అన్న కొలతలతో ఈ రోజు తాగిన మోతాదు రేపటి మోతాదుతో సమానమని చెప్పే వీలు లేదు.

తయారీ పద్ధతి ఎంత ముఖ్యమో మలేరియా మందు ఆర్టెమిసినిన్ చరిత్ర చూపుతుంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం చింగ్‌హావ్ అనే మొక్కను పరీక్షించినప్పుడు మొదట ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దికి చెందిన గె హాంగ్ వైద్యగ్రంథంలో ఆ మొక్కను కాచమని కాక, నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉండడం గమనించిన ఆమె, వేడికి మందు గుణం నశిస్తోందేమోనని ఊహించి, 1971లో తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీయగా అది ఎలుకల్లోనూ కోతుల్లోనూ మలేరియాను పూర్తిగా అణచింది. ఆ తరవాత మనుషులపై పరీక్షలు జరిగాయి, లక్షల ప్రాణాలు నిలిచాయి, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథంలోని పసరు ఇక్కడ దారి చూపింది. ఆ దారి సరైనదని తేల్చింది పరీక్ష. మన సర్పగంధ విషయంలోనూ అంతే జరిగింది: బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అధిక రక్తపోటు రోగుల్లో దాని ప్రభావాన్ని కొలిచి 1949లో ప్రచురించారు, 1952లో దాని వేరు నుంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మోతాదు తెలిసిన కొద్దీ దానివల్ల కలిగే మానసిక కుంగుబాటు వంటి దుష్ఫలితాలూ తెలిశాయి. సంప్రదాయ వైద్యాన్ని గౌరవించడమంటే ఇలా పరీక్షకు నిలబెట్టడమే.

ఆకు చేసే హాని

మొక్క నుంచి వచ్చినది కాబట్టి పనిచేయకపోయినా హాని ఉండదన్నది చాలామంది నమ్మకం. ఒంటిపై పనిచేయగల పదార్థం ఏదైనా ఒంటికి హాని చేయగలదు కూడా. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి పెరుగుతుందని విరివిగా తాగిన తిప్పతీగ కషాయం వల్ల కాలేయం దెబ్బతిన్నవారి గురించి 2021లో ముంబై వైద్యులు నివేదించారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని అంగీకరించక, ఆ రోగులు వాడినది దగ్గరి జాతి అయిన మరో తీగ కావచ్చునంది. 2022లో దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలతో వచ్చిన మరో అధ్యయనం కూడా, శరీర రక్షణ వ్యవస్థ తన కాలేయంపైనే తిరగబడే తరహా జబ్బును తిప్పతీగ వాడకంతో ముడిపెట్టింది. కాలేయాన్ని కాపాడుతుందని తాగినదే కాలేయాన్ని దెబ్బతీయగలదన్న ఈ సంగతి కామెర్ల రోగికి మరీ ముఖ్యం, దెబ్బతిన్న కాలేయానికి రెండో దెబ్బ ప్రాణాంతకం కావచ్చు.

ఒక మొక్క స్థానంలో ఇంకొకటి చేరడం వల్ల జరిగిన ఘోరం బెల్జియంలో కనిపించింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన గుళికల్లో, చైనా భాషలో పేర్లు దాదాపు ఒకటే కావడంతో స్టెఫానియా బదులు అరిస్టలోకియా జాతి మొక్క చేరి, సుమారు వందమంది మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి, వారిలో కొందరికి తరవాత మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. తెలుగు నేలపై మందుగా వాడే గాడిదగడపాకు, ఈశ్వరి తీగ ఈ అరిస్టలోకియా కుటుంబానివే. లోహాల సంగతి వేరే ఉంది: ఇంటర్‌నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను కొని పరీక్షించిన అమెరికా పరిశోధకులు, వాటిలో అయిదో వంతుకు పైగా సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2008లో ప్రకటించారు.

వీటన్నిటికన్నా పెద్ద హాని ఆలస్యం. హెపటైటిస్ ఇ మామూలుగా దానంతట తగ్గేదే అయినా గర్భిణులకు చివరి నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. పుట్టిన రెండు వారాల తరవాత కూడా పచ్చదనం తగ్గక, మలం తెల్లగా వస్తున్న శిశువుకు పైత్యనాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. దానికి శస్త్రచికిత్స 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది, ఆ రెండు నెలలూ పసరుకూ పథ్యానికీ పోతే తిరిగి రావు. నూనె, ఉప్పు, పప్పు అన్నీ మాన్పించే కఠిన పథ్యం కూడా కోలుకోవడానికి శక్తి కావలసిన రోగిని మరింత నీరసపరుస్తుంది. సహించినంత మేరకు మామూలు తిండి తినవచ్చునన్నదే నేటి వైద్యుల మాట.

కామెర్లు వచ్చినప్పుడు

ఏదైనా మూలిక గురించి విన్నప్పుడు పాఠకులు అడగదగిన ప్రశ్నలు ఎన్నో లేవు. అది ఏ జాతి మొక్క, ఏ రోగం ఉందని పరీక్షలో తేలినవారికి ఇచ్చారు, ఇవ్వనివారితో పోల్చి చూశారా, మరోచోట మరొకరు చేసినా అదే ఫలితం వచ్చిందా, హాని గురించి ఎవరు లెక్క పెట్టారు? ఎవరికైనా తగ్గిందా అన్న ప్రశ్న ఈ వరుసలో లేకపోవడానికి కారణం పైన చెప్పినదే. భారతదేశంలో జరుగుతున్న వైద్య పరీక్షల వివరాలు, ఆయుర్వేద మందులవి సహా, 2007లో ప్రారంభమైన జాతీయ నమోదు పట్టికలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

హెపటైటిస్ బి విషయంలో పసరు కోసం వెతకవలసిన అవసరమే నేడు తగ్గిపోయింది. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారుచేసిన టీకా దాని ధరను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది, పుట్టిన 24 గంటల్లోపు ఇచ్చే తొలి మోతాదు ఇప్పుడు ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో భాగం. వైరస్ ఒంట్లో స్థిరపడినవారికి దాన్ని అదుపులో ఉంచే మాత్రలు, అందుకు కావలసిన పరీక్షలు 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి.

కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. రోగి గర్భిణి అయినా, పసిబిడ్డ అయినా, మత్తుగా పడి ఉన్నా, మాట తడబడుతున్నా, వాంతులు ఆగకున్నా, ఎక్కడి నుంచైనా రక్తం కారుతున్నా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అప్పటికే పసరు, పొడి, కషాయం ఏది వాడి ఉన్నా సంకోచం లేకుండా వైద్యునికి చెప్పాలి, వీలైతే ఆ మొక్క కొమ్మనో పొడి పొట్లాన్నో వెంట తీసుకువెళ్ళాలి. వైద్యులు కూడా ఆ మాట చెప్పినవారిని గద్దించకుండా వినాలి.